గురువు అడిగిన దక్షిణ: ఐదో తరగతి పిల్లకాయల వీడ్కోలు

శ్రీ గురుభ్యో నమః.

ఈ వారం వీడియోలో సాందీపని మహర్షి కథ చెప్పుకున్నాం. పది నిమిషాల వీడియోలో పట్టని సంగతులు కొన్ని మిగిలాయి, అవి ఇక్కడ రాస్తున్నాను. పైగా ఈ కథ నాకు ఇప్పుడు గుర్తుకు రావడానికి ఒక కారణం ఉంది. ఆ కారణం ఒక ప్రాథమిక పాఠశాల, పంతొమ్మిది మంది పిల్లలు, ఒక వాట్సాప్ గ్రూపు.

ముందు ఒక మాట గురించి చెప్తాను. యూనివర్సిటీలో పట్టాలిచ్చే పండగని మనం స్నాతకోత్సవం అంటాం. నేను బీటెక్ పట్టా తీసుకున్న రోజు వేదిక మీద ఆ మాట పెద్ద అక్షరాలతో ఉంది, దానర్థం ఏంటని మాలో ఒక్కరం కూడా అడగలేదు. స్నాతకుడు అంటే స్నానం చేసినవాడు. అంతే. పూర్వం పిల్లవాడు గురువుగారింట్లో ఏళ్ళ తరబడి ఉండి, భిక్ష తెచ్చుకుని, సమిధలు ఏరి, చదువు ముగించాక, గురువుగారి అనుమతితో ఒక స్నానం చేసేవాడు. ఆ స్నానంతో బ్రహ్మచర్య వ్రతం ముగుస్తుంది. దానికే సమావర్తనం అని పేరు, అంటే తిరిగి రావడం, ఇంటికి మళ్ళడం. మన పెళ్ళిళ్ళలో కాశీయాత్రకు ముందు స్నాతకం అని చేస్తారే, అది ఈ సంస్కారమే, గురుకులాలు పోయాక పెళ్ళి పీటల దగ్గరికి జరిగి వచ్చింది.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. స్నానం అయ్యాక ఆ కుర్రవాడికి కొత్త బట్టలు, గంధం, పూలతో పాటు ఏమిచ్చేవారో గృహ్యసూత్రాలు చెప్తాయి. గొడుగు, చెప్పులు, చేతికర్ర. పెళ్ళికొడుకు కాశీయాత్రకు బయల్దేరేటప్పుడు మీరు చూసే సరంజామా అదే. ఒక్కసారి ఆలోచించండి. గొడుగు ఎండకి, చెప్పులు ముళ్ళకి, కర్ర దారిలో కుక్కలకి. వెళ్ళేవాడికి రేపు దారిలో ఏం కావాలో అది ఇచ్చి పంపారు.

ఇక విషయానికి వస్తాను.

మాది అద్దంకి. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను, రెండు వారాలకోసారి శుక్రవారం రాత్రి బస్సెక్కి నార్కట్‌పల్లి రోడ్డు మీదుగా ఇంటికి వస్తాను. మా అన్నయ్య పక్క ఊళ్ళో మిరప, పత్తి వేస్తాడు, వాళ్ళ అమ్మాయి అక్కడి సర్కారు బళ్ళో ఐదో తరగతి. ఐదుతో ఆ బడి అయిపోతుంది. ఆరో తరగతికి కొందరు జిల్లా పరిషత్ హైస్కూలుకి, కొందరు గురుకులాలకి, ఒకరిద్దరు అద్దంకిలో ప్రైవేటు బళ్ళకి. ఐదేళ్ళు ఒకే చాప మీద కూర్చున్న పిల్లకాయలు జూన్‌లో తలా ఒక దిక్కు. అందుకని బడి మూసే ముందు చిన్న పార్టీ ఒకటి పెడదామని తల్లిదండ్రులు అనుకున్నారు. మా వదిన బడి కమిటీలో ఉంది. ఫోన్ చేసి, "అబ్బాయ్, నువ్వు వీడియోల్లో చెప్తావు గదా, ఆ రోజు వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పు. లెక్కలు కూడా నువ్వే చూడు, నాకు ఆ ఎక్సెల్లు రావు" అంది. నన్ను గ్రూపులో చేర్చింది.

గ్రూపులో అప్పటికే ఉత్సాహం పొంగుతోంది. ఒకాయన నల్ల గౌన్లు, చతురస్రం టోపీలు అద్దెకి దొరుకుతాయని ఫోటో పెట్టాడు. ఇంకొకాయన ఫ్లెక్సీ, అందులో పిల్లల ఫోటోల చుట్టూ దాతల ఫోటోలు. కేకు, సౌండ్ బాక్సులు, చికెన్ బిర్యానీ. తలకి 600 చొప్పున పంతొమ్మిది మందికి 11,400 అని లెక్క తేల్చారు. దానికి బొటనవేలి బొమ్మలు చాలా పడ్డాయి. నేను రెండు రోజులు ఊరికే చదివాను. ఏడెనిమిది ఇళ్ళ నుంచి ఒక్క మాట లేదు. ఔననీ లేదు, కాదనీ లేదు. ఆ మౌనం నాకు తెలుసు. 600 అంటే మిరపకాయల కోతకి వెళ్ళే మనిషికి దాదాపు రెండు రోజుల కూలి. ఇవ్వలేమని గ్రూపులో రాయడానికి మనసొప్పదు. ఇస్తామని రాయడానికి చేతిలో లేదు.

గౌను సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. అది యూరప్‌లో మధ్యయుగాల నాటి విద్యాలయాల్లో మతాచార్యులు వేసుకున్న అంగీ నుంచి వచ్చిన దుస్తు. చలి దేశం, రాతి గోడల గదులు, వాళ్ళకి అది అవసరం. ఏప్రిల్ నెలలో, 40 డిగ్రీల ఎండలో, రేకుల వరండాలో పదేళ్ళ పిల్లకి అది తొడిగితే ఫోటో తీసేలోపే ఏడుపు. దాని మీద నాకు కోపమేమీ లేదు, నేనూ నా పట్టాకి వేసుకున్నాను. కానీ స్నాతకుడి గుర్తు శుభ్రమైన స్నానం, ఉతికిన బట్ట. అది ప్రతి ఇంట్లోనూ ఉంది, అద్దెకి తేనక్కర్లేదు.

డబ్బు సంగతికి మాత్రం తైత్తిరీయ ఉపనిషత్తు దగ్గరికి వెళ్ళాలి.

శీక్షావల్లి పదకొండో అనువాకం మీలో చాలామంది విని ఉంటారు. వేదం చెప్పడం ముగించిన ఆచార్యుడు, వెళ్ళిపోతున్న శిష్యుడికి చెప్పే మాటలు అవి. ప్రపంచంలో స్నాతకోత్సవ ప్రసంగాలు ఎన్ని ఉన్నా ఇంత పాతది, ఇంత చిన్నది నేను చదవలేదు. సత్యం, ధర్మం, చదువు మానకపోవడం, తల్లినీ తండ్రినీ గురువునీ అతిథినీ దేవుళ్ళుగా చూడటం, ఇవి అందరూ చెప్పుకునేవే. నాకు ఆశ్చర్యం వేసేవి రెండు. ఒకటి, ఆ గురువు తన గురించి చెప్పుకునే మాట. మేం చేసిన పనుల్లో మంచివి ఏవో అవే పట్టుకో, తక్కినవి వద్దు అంటాడు. ఏ ప్రిన్సిపాల్ అంటాడండీ ఈ మాట వేదిక మీద? రెండోది, దానం ఎట్టా చెయ్యాలో చెప్పే వరస. శ్రద్ధతో ఇవ్వు, శ్రద్ధ లేకుండా ఇవ్వకు, నీ కలిమికి తగ్గట్టు ఇవ్వు, సిగ్గుపడుతూ ఇవ్వు, భయంతో ఇవ్వు, తెలిసి ఇవ్వు అంటాడు.

సిగ్గుపడుతూ ఇవ్వడం. ఇది చదివిన ప్రతిసారీ ఆగిపోతాను. తీసుకునేవాడికి కదా సిగ్గు ఉండేది, లోకంలో చూస్తే. ఉపనిషత్తు ఆ సిగ్గుని తీసి ఇచ్చేవాడి మీద పెట్టింది. ఇంతేగా ఇవ్వగలిగాను, ఇంకా ఇవ్వాల్సింది కదా అని ఇచ్చేవాడు తల దించుకోవాలి. అప్పుడు తీసుకునేవాడి తల నిలబడుతుంది. ఫ్లెక్సీ మీద దాత ఫోటో వేస్తే ఈ లెక్క తలకిందులు. ఇచ్చినాయన నవ్వుతూ కనబడతాడు. ఇవ్వలేనివాడి కొడుకు ఆ ఫ్లెక్సీ కింద కూర్చుని తింటాడు, వాళ్ళ నాన్న ఫోటో అందులో లేదని వాడికి తెలుస్తుంది. పదేళ్ళ పిల్లకాయలకి అన్నీ తెలుస్తాయి.

దీనికి మన గుళ్ళు ఎప్పుడో ఒక ఉపాయం కనిపెట్టాయి. హుండీ. అందులో వంద రూపాయల నోటు వేసినా, రూపాయి బిళ్ళ వేసినా దాని నోరు ఒకటే. నేను వదినతో అదే అన్నాను. తలకి ఇంత అని వద్దు, మూతకి చీలిక పెట్టిన స్టీలు డబ్బా ఒకటి బడి వరండాలో పెట్టండి, వారం రోజులు ఉంచండి, ఎవరు ఎంత వేశారో ఎవరూ చూడొద్దు, వెయ్యకపోయినా ఎవరూ అడగొద్దు అని. వదినకి అనుమానం. "అట్టా అయితే ఎవరూ వెయ్యరు అబ్బాయ్, మొహం చూసి అడిగితేనే ఇస్తారు మనవాళ్ళు" అంది. అది అబద్ధమని నేను అనను. మేమిద్దరం ఫోన్లో అరగంట వాదించుకున్నాం. చివరికి అన్నయ్య మధ్యలో వచ్చి, "చూద్దాం లే, తక్కువైతే నేను మిర్చి అమ్మినాక వేస్తా" అని తేల్చాడు. గ్రూపులో 600 మెసేజీని తీసేయించాం. వారం తర్వాత డబ్బా తీస్తే 5,240 ఉంది. అందులో పది రూపాయల నోట్లు చాలా ఉన్నాయి.

11,400 అనుకున్నది 5,240 అయ్యింది కాబట్టి పార్టీ సగానికి తగ్గిందా? ఇక్కడే మనకి కుచేలుడు కావాలి.

కుచేలోపాఖ్యానం అనగానే అందరికీ అటుకులు, ఆ తర్వాత వచ్చిన మేడలు గుర్తొస్తాయి. నన్నడిగితే కథలో ముఖ్యమైన చోటు ఆ రెండిటికీ మధ్యలో ఉంది. కృష్ణుడు కాళ్ళు కడిగి, పక్కన కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టుకుని ఏం మాట్లాడాడు? రాజ్యం గురించి కాదు. బడి గురించి. గురుపత్ని సమిధల కోసం అడవికి పంపిన రోజు, ఒక్కసారిగా గాలివాన, చీకటి, ఎక్కడ పల్లమో ఎక్కడ మిట్టో తెలియని నీళ్ళు, ఇద్దరూ చేతులు పట్టుకుని రాత్రంతా అడవిలో తిరగడం, తెల్లవారాక సాందీపని వెతుక్కుంటూ వచ్చి, నా కోసం ఇంత కష్టపడ్డారా అని దీవించడం. అదంతా నీకు గుర్తుందా అని అడుగుతాడు. ద్వారకాధీశుడు ఇన్నేళ్ళూ దాచుకున్న బడి జ్ఞాపకం ఒక వాన రాత్రి, ఒక కట్టెల మోపు, ఒక స్నేహితుడి చెయ్యి. అందులో ఖర్చు ఏముందండీ? ఆ మోపు ఎత్తుకున్న ఇద్దరిలో ఒకడు యదువంశపు పిల్లవాడు, ఇంకొకడు పేద బ్రాహ్మణుడి పిల్లవాడు. తడిసింది ఇద్దరూ.

ఆ అటుకులు కూడా కుచేలుడి ఇంట్లోవి కావు. ఆయన భార్య ఇరుగుపొరుగు ఇళ్ళల్లో అడిగి తెచ్చి పాతగుడ్డలో మూట కట్టింది. భాగవతం ఈ వివరం దాచలేదు. ఎవరింటి నుంచి వచ్చాయని కృష్ణుడు అడగలేదు. లాక్కుని తిన్నాడు.

ఇది నేను ఊరికే రాయడం లేదు. మా గ్రూపులో బిర్యానీ పోయి పులిహోర అనుకున్నాక, పులిహోర బయట ఒక హోటల్లో చెప్దాం అని మాట వచ్చింది. బళ్ళో మధ్యాహ్న భోజనం వండే అక్క ఉంది. ఐదేళ్ళు ఈ పంతొమ్మిది మందికీ అన్నం పెట్టింది ఆవిడే. ఇప్పుడు ఆ పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో దారిన పోయే ప్రతి ఒక్కరికీ అర్ధరాత్రి లేచి కూడా వండిపెట్టిన తల్లి ఆవిడ, ఎవరు ఏ కులమని అడిగి విస్తరి వెయ్యలేదు. ఆ పేరు గోడ మీద రాసి ఉన్న బళ్ళో, రోజూ వండే చెయ్యి ఉండగా హోటల్ ఎందుకో నేను గ్రూపులో అడిగాను. ఎవరూ జవాబు రాయలేదు. జవాబు ఏంటో నాకు తెలుసు, మీకూ తెలుసు. హెడ్‌మిస్ట్రెస్ గారు మాత్రం ఒకే వాక్యం పెట్టారు: "మా పిల్లలకి ఆమె చేతి వంటే అలవాటు." అక్కడితో ఆ మాట ముగిసింది. ఆ రోజు ఆవిడకి టీచర్లు తమ సొంత డబ్బుతో చీర పెడుతున్నారు, మొదటి వడ్డన కూడా ఆవిడకే.

ఇలాంటిది మీ ఊళ్ళో పెట్టుకునేవాళ్ళ కోసం లెక్క రాస్తున్నాను. పిల్లలు, తల్లిదండ్రులు, చంకలో పిల్లలు కలిపి తొంభై మంది అనుకున్నాం. పులిహోరకి 8 కిలోల బియ్యం, 800 గ్రాముల చింతపండు, లీటరున్నర నూనె, కిలో వేరుశనగపప్పు. కరివేపాకు, పచ్చిమిరపకాయలు ఊళ్ళోవే. కూల్‌డ్రింకుల బదులు పానకం, 14 లీటర్ల నీళ్ళకి రెండున్నర కిలోల బెల్లం, మిరియాలు, యాలకులు, కొంచెం శొంఠి. శ్రీరామనవమికి చేసే చెయ్యే కాబట్టి ఎవరికీ నేర్పాల్సింది లేదు. బెల్లం, కొబ్బరి కలిపిన అటుకులు 3 కిలోలు, అది నా పట్టుదల. మొత్తం తిండికి 1,500 లోపు. అందరికీ ఒకే గ్రూపు ఫోటో ప్రింట్లు 760. మిగిలినది బహుమతులకి.

బహుమతి దగ్గర గొడుగు, చెప్పులు గుర్తు చేసుకోండి. కప్పులు, షీల్డులు అన్నారు మొదట. ఆరో తరగతి దారిలో ఈ పిల్లకి ఏం కావాలి? బ్యాగు, బూట్లు, నోటు పుస్తకాలు ప్రభుత్వం కిట్టులో ఇస్తుంది. కంపాస్ బాక్సు ఆరులో మొదటిసారి కావాలి, అది 90 రూపాయలది ఒకటి. రెండోది ఒక ప్లాస్టిక్ ఫైలు. అందులో రికార్డు షీటు, స్టడీ సర్టిఫికెట్, ఆధార్ నకలు, ఉన్నవాళ్ళకి కులం, ఆదాయం పత్రాలు. ఇది హెడ్‌మిస్ట్రెస్ గారి ఆలోచన. రేపు ఈ పిల్లలు సర్కారు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు 4 నుంచి 10 దాకా ఎక్కడ చదివావో కాగితం చూపించమంటారు. నాలుగు, ఐదు ఈ బళ్ళోనే చదివారు. పదేళ్ళ తర్వాత ఆ కాగితం కోసం తిరగడం ఎంత పనో ఉద్యోగాలకి రాసినవాళ్ళని అడగండి. కప్పు అటక మీద తుప్పు పడుతుంది. ఫైలు వాళ్ళ చేతికి కర్ర అవుతుంది.

ఫైళ్ళు సర్దేటప్పుడే అసలు సంగతి బయటపడింది. పంతొమ్మిది పేర్లు ఉన్నాయి, కాగితాలు పద్దెనిమిది మందివే వచ్చాయి. హెడ్‌మిస్ట్రెస్ గారిని అడిగితే చెప్పారు. ఒక అమ్మాయి సంక్రాంతి తర్వాత బడికి రాలేదు. అమ్మా నాన్నా మిరప కోతలకి పల్నాడు వైపు వెళ్ళారు, తమ్ముడికి రెండేళ్ళు, వాణ్ణి ఎత్తుకోవడానికి ఈ పిల్లని తీసుకెళ్ళారు. టీచర్ గారు మేస్త్రీ ఫోన్‌కి రెండుసార్లు చేశారు. రెండోసారి తండ్రి దొరికి, "ఇంక ఆరో తరగతి ఎందుకు మేడం, హైస్కూలు మూడు కిలోమీటర్లు, ఒక్కతే ఎట్టా పోద్ది" అన్నాడట. మామూలుగా బాగా చదివే పిల్ల.

సాందీపని కథలోకి ఇప్పుడు రండి. బలరామకృష్ణులు అవంతిలో ఆయన దగ్గర 64 రోజుల్లో 64 కళలు నేర్చుకున్నారని భాగవతం. అంత చదువుకి ఆయన ఏమైనా అడగొచ్చు. అడగమన్నవాడు సాక్షాత్తూ శ్రీహరి. ఆ గురువు వెంటనే అడగలేదు, లోపలికి వెళ్ళి భార్యతో ఆలోచించాడు. ఈ చిన్న వివరం నాకు ఎంతో ఇష్టం. వాళ్ళిద్దరూ కలిసి అడిగింది బంగారం కాదు, ఆశ్రమానికి భూములు కాదు. ప్రభాస తీర్థంలో సముద్రం మింగేసిన తమ పిల్లవాణ్ణి తెచ్చిపెట్టమన్నారు.

కృష్ణుడు ఎలా తెచ్చాడో చూడండి. సముద్రుణ్ణి అడిగితే, నా దగ్గర లేడు, శంఖంలో ఉండే పంచజనుడనే రాక్షసుడు తీసుకుపోయాడు అన్నాడు. నీళ్ళలోకి దిగి వాణ్ణి చంపితే కడుపులో పిల్లవాడు లేడు. శంఖం మాత్రం మిగిలింది. మనమైతే అక్కడ ఆగిపోతాం. వెతికాం, దొరకలేదు, పైగా మంచి శంఖం ఒకటి దొరికింది, ఇంక చాలు అనుకుంటాం. పాంచజన్యం అంటే మాటలా? ఆయన ఆ శంఖం పట్టుకుని యముడి పట్టణం సంయమని దాకా వెళ్ళి, గుమ్మం ముందు దాన్ని ఊది, పిల్లవాణ్ణి అడిగి తెచ్చి గురువు చేతిలో పెట్టాడు. తర్వాత కురుక్షేత్రంలో మోగిన శంఖం మొదట మోగింది ఒక తప్పిపోయిన పిల్లవాడి కోసం.

ఇంకొక కథ కూడా ఉంది. మాకు ఆరేడు కిలోమీటర్లలో సింగరకొండ. కొండ మీద లక్ష్మీనరసింహస్వామి, కొండ కింద భవనాశి చెరువు పక్కన ప్రసన్నాంజనేయస్వామి. ఆ హనుమంతుడు సూర్యుడి దగ్గర వ్యాకరణం చదివాడు, పరిగెత్తే రథానికి ఎదురుగా నడుస్తూ. చదువయ్యాక దక్షిణ ఏమివ్వమంటారని అడిగితే, నా కొడుకు సుగ్రీవుడికి తోడుగా ఉండు అని సూర్యుడు అడిగాడని పెద్దలు చెప్తారు. ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరు గురువులు. ఇద్దరూ పిల్లవాడి గురించే అడిగారు. చదువు చెప్పినవాళ్ళకి దక్షిణ ఇవ్వాలని మనం శాలువా కప్పి, పూలదండ వేసి, ఫోటో తీస్తాం. ఆ టీచర్ గారి మనసులో ఏ పేరు ఖాళీగా ఉందో ఎవరం అడగం.

నేను అడిగాను. "శాలువా వద్దు బాబూ, ఆ పిల్ల వచ్చేట్టు చూడండి" అన్నారావిడ.

ఒక ఆదివారం అన్నయ్య బండి మీద నేను, వెనక ఇంకో బండి మీద బళ్ళో పనిచేసే ఇంకొక టీచర్ గారు, ఆవిడ భర్త వెళ్ళాం. మూడో కోత జరుగుతోంది. చేను పక్కన కల్లంలో కాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి, ఘాటుకి దగ్గు ఆగదు. ఆ పిల్ల తమ్ముణ్ణి గోనెసంచి నీడలో పడుకోబెట్టి తాలు కాయలు వేరు చేస్తోంది. టీచర్ గారిని చూసి లేచి నిలబడి, నమస్తే కూడా చెప్పకుండా, "నా పేరు కొట్టేశారా మేడం?" అని అడిగింది. లేదమ్మా ఉంది అన్నారావిడ. రిజిస్టరు తెచ్చి ఉంటే చూపించేవాళ్ళం.

తండ్రి మొరటు మనిషేమీ కాదు. ఆయన భయం నిజమైనది. ఆ మూడు కిలోమీటర్ల దారిలో ఇళ్ళు లేవు. దానికి ఉపన్యాసం జవాబు కాదు, ఇంకో దారి చూపించాలి. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఆరో తరగతి నుంచే ఆడపిల్లల్ని చేర్చుకుంటాయి, ఉండటం, తిండి అక్కడే, డబ్బు కట్టక్కర్లేదు, బడి మానేసినవాళ్ళకీ పేదింటి పిల్లలకీ ముందు అవకాశం. ఆయన ఆ పేరు వినలేదు. కల్లంలోనే నా ఫోన్‌లో దరఖాస్తు పెట్టాం. ఆయన ఫోన్‌కి వచ్చే ఓటీపీ కోసం సిగ్నల్ వెతుక్కుంటూ అన్నయ్య చేనుగట్టు మీద పది నిమిషాలు నడిచాడు. తల్లి మాత్రం ఒక్క మాట అంది, "పిల్లాణ్ణి ఎవరు చూస్తారయ్యా మరి?" నా దగ్గర దానికి సమాధానం లేదు. మా అన్నయ్య, ఊళ్ళో అంగన్‌వాడీ ఉంది, వచ్చే ఏడు మా పొలంలోనే కోతలుంటాయి, ఊరు దాటొద్దు అన్నాడు. అంత మాత్రం అన్నాడు, అది చెయ్యగలడు కూడా. సీటు ఇంకా రాలేదు. రావాలని మీరంతా స్వామికి దణ్ణం పెట్టుకోండి, రాకపోతే హైస్కూలుకి తోడు ఎవరన్నది చూస్తున్నాం, ఆ దారిన పోయే పిల్లలు ఇంకో నలుగురు ఉన్నారు.

వాళ్ళ కోతలు అయ్యేదాకా మా పార్టీ ఆగింది. మొదట అనుకున్న రోజు మార్చి, బడి మూసే ముందు రోజు సాయంత్రం ఐదున్నరకి పెట్టాం. పొద్దున పెడితే కల్లాల్లో ఉన్న తల్లులు రాలేరని అప్పుడు తట్టింది.

మధ్యలో అద్దంకి వాడిగా ఒక మాట చెప్పుకోనివ్వండి. ప్రోలయ వేమారెడ్డి మా అద్దంకి రాజధానిగా ఏలిన రోజుల్లో ఆయన కొలువులో ఎర్రాప్రగడ ఉన్నాడు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. తిక్కన విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. మధ్యలో ఆ ముక్క అట్టాగే ఖాళీగా ఉండిపోయింది, రెండు మూడు వందల ఏళ్ళు. ఎర్రన దాన్ని పూరించాడు. పూరించి, తన రాజు పేరు పెట్టలేదు. నన్నయ ఎవరికి అంకితమిచ్చాడో ఆ రాజరాజనరేంద్రుడికే, నన్నయ రాసినట్టుగానే రాశాడు. సిగ్గుపడుతూ ఇవ్వడం అంటే ఉపనిషత్తు ఏం చెప్పిందో నాకు మా ఊళ్ళోనే దొరికింది. ఆగిపోయిన చోటు చూసి, అక్కడి నుంచి అందుకుని, పేరు పెట్టుకోకుండా పక్కకి తప్పుకోవడం. పిల్లలకి ఆ సాయంత్రం నేను చెప్పబోయే నాలుగు మాటల్లో ఒకటి ఇదే, వాళ్ళకి అర్థమయ్యేట్టు చెప్పాలి.

సరస్వతీ పూజ ఉందా అని చాలామంది అడిగారు. ఆ పంతొమ్మిది మందిలో చర్చికి వెళ్ళే ఇళ్ళవాళ్ళు ఉన్నారు, ఇద్దరు ముస్లిం పిల్లలు ఉన్నారు. అది సర్కారు బడి, అందరిదీ. నేను భక్తి ఛానల్ నడిపేవాణ్ణి కాబట్టి నా మాట వింటారని కొందరు నన్ను ముందుకు తోశారు. నేను వద్దన్నాను. పూజ చేసుకోవాలనుకున్నవాళ్ళం ఆ రోజు పొద్దున్నే సింగరకొండ వెళ్తున్నాం, ఆకుపూజ చేయించుకుని వస్తాం. సాయంత్రం బళ్ళో టీచర్ గారి చేతుల మీదుగా ఫైళ్ళు, పానకం, పులిహోర. మొక్కేవాళ్ళు మనసులో మొక్కుకోవచ్చు. సాందీపని ఆశ్రమంలో వాన అందరి మీదా ఒకేలా పడింది.

ఇంకా పనులు ఉన్నాయి. చాపలు రామాలయం నుంచి తేవాలి, మైకు అక్కర్లేదని పెద్దాయన ఒకరిని ఒప్పించాలి. ఒక్కో పిల్లా లేచి ఐదేళ్ళలో తనకి గుర్తున్నది ఒకటి చెప్పాలని పెట్టాం, మా అన్నయ్య కూతురు ఇప్పటికే మూడుసార్లు మార్చింది. ఫైళ్ళ మీద పేర్లు హెడ్‌మిస్ట్రెస్ గారు తన చేత్తోనే రాస్తున్నారు, పంతొమ్మిదీ.

పులిహోర లెక్క ఎవరికైనా పనికొస్తే వాడుకోండి, చింతపండు పులుపుని బట్టి చూసుకోండి. మీ ఊరి బళ్ళో ఈ ఏడు ఐదో తరగతి అయిపోతున్న ఆడపిల్లల్లో ఆరుకి ఎక్కడ చేరుతున్నారో తెలియనివాళ్ళు ఉంటే, కస్తూర్బా దరఖాస్తు గడువు దాటకముందే వాళ్ళ టీచర్‌ని ఒకసారి కలవండి. వచ్చే శుక్రవారం రాత్రి ఎనిమిదికి కుచేలోపాఖ్యానం రెండో భాగం వీడియో పెడతాను, రుక్మిణీదేవి రెండో గుప్పెడు ఎందుకు ఆపిందో అందులో చెప్పుకుందాం.